పెళ్లికి ముందే సంతాన సామర్థ్యం గురించి అడగడం తప్పా?

వడ్డేపల్లి వాసి (ప్రశ్న)

నేను హన్మకొండలో ఉంటూ కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. నాకు 26 ఏళ్లు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అయితే ఈ ప్రశ్న నా పెళ్లి వల్ల పుట్టింది కాదు, మా అక్క వల్ల పుట్టింది. ఆమెకు పెళ్లయి నాలుగేళ్లు దాటింది. అత్తవారి ఊరు పరకాల దగ్గర. రెండో ఏడు నిండకముందే పిల్లలు కాలేదని వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించారు, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి తీసుకెళ్లారు, ఆ తర్వాత ఇక్కడ ఇద్దరు డాక్టర్లకూ హైదరాబాదులో ఒకరికీ చూపించారు. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే డై టెస్టు, చివరకు మత్తిచ్చి, పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసే లాప్రోస్కోపీ కూడా అక్కకు చేశారు. బావకు వీర్యపరీక్ష చేయించింది మాత్రం గత నెలలోనే. అది కూడా మూడో డాక్టరమ్మ, ఇద్దరి రిపోర్టులూ చూడకుండా తాను ఒక్క మాత్ర కూడా రాయనని పట్టుబట్టడం వల్ల. అందులో కదలిక ఉన్న వీర్యకణాలు బాగా తక్కువని తేలింది. నాలుగేళ్లుగా అక్కను గొడ్రాలన్న నోళ్లు ఇప్పుడు మూతపడ్డాయి గానీ, తప్పయిందన్న నోరు ఒక్కటీ లేదు. చుట్టాలింట్లో సీమంతమైతే అక్కను ఇప్పటికీ వెనక వరుసలోనే కూర్చోబెడుతున్నారు.

ఈ సంగతి హాస్టల్లో స్నేహితురాళ్లకు చెప్పిన రాత్రి మా గదిలో తెల్లవారుజాము దాకా చర్చ నడిచింది. అందరమూ 24 నుంచి 29 ఏళ్ల లోపువాళ్లమే, చదువుకున్నవాళ్లమే, అయినా ఒకరి అభిప్రాయానికీ ఇంకొకరి అభిప్రాయానికీ పొంతన కుదరలేదు. ఉద్యోగం వచ్చాకే పెళ్లి చేసుకోవాలనీ, ముప్పై అయిదు దాటినా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) ఉందనీ, కాబట్టి తొందరెందుకనీ ఒకామె అన్నది. ఇంకొకామె ఇప్పుడే అండాలు తీయించి దాచుకుంటే సరిపోతుందని, హైదరాబాదులో తన కంపెనీ సహోద్యోగి అలాగే చేసిందని చెప్పింది. మూడో ఆమె ఐవీఎఫ్ వరకు తనకు అభ్యంతరం లేదు గానీ, దాత అండమో దాత వీర్యమో అయితే ఆ బిడ్డ తన బిడ్డ ఎలా అవుతుందని అడిగింది. అంతదాకా వెళ్లడం కన్నా దత్తత తీసుకోవడం మేలని మరొకామె వాదించింది. మాలో ఒక్కరమైనా ఏది ఎంతవరకు పనిచేస్తుందో, చట్టం ఏం చెబుతుందో సరిగ్గా తెలిసి మాట్లాడలేదని మరునాడు నాకు అనిపించింది.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా వయసువాళ్లు ఏయే విషయాలు ఇప్పుడే తెలుసుకుని ఉండాలి? పెళ్లిచూపుల్లో జాతకం అడగడం తప్పు కానప్పుడు, ఇద్దరమూ సంతాన సామర్థ్య పరీక్షలు చేయించుకుందామని అడగడం తప్పవుతుందా? అండాలను దాచుకోవడం నిజంగా భరోసా ఇస్తుందా? అనుభవం ఉన్నవారు, ఈ రంగంలో పనిచేస్తున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.


నర్సు, నక్కలగుట్ట

నేను పదకొండేళ్లుగా సంతానలేమి విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను కాబట్టి చికిత్స చెప్పను, రోజూ ఓపీలో కనిపించే అపోహల గురించి మాత్రం రాస్తాను.

అన్నిటికన్నా పెద్ద అపోహ మీ మొదటి స్నేహితురాలిదే. ఐవీఎఫ్ అండాన్ని శరీరం బయట వీర్యకణంతో కలుపుతుంది, అంతే గానీ అండం వయసును తగ్గించదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమె అండాశయాల్లో పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా అండకణాలుంటాయి. రజస్వల అయ్యేసరికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. జీవితం మొత్తంలో నెలనెలా విడుదలయ్యేవి నాలుగైదు వందలే. కొత్తవి పుట్టవు. ముప్పై అయిదు దాటాక సంఖ్యతోపాటు నాణ్యత కూడా వేగంగా తగ్గుతుంది, క్రోమోజోముల్లో తేడాలున్న అండాలు పెరుగుతాయి, గర్భస్రావాలూ పెరుగుతాయి. 2019లో గుంటూరులో డెబ్భై దాటిన తల్లికి కవలలు పుట్టారని పేపర్లలో వచ్చినప్పుడు మా ఓపీకి వచ్చినవాళ్లలో చాలామంది ఆ పేజీ చూపించి, ఆమెకు అయినప్పుడు తమకెందుకు కాదని అడిగారు. ఆమెకు దాత అండం వాడారన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నలభై అయిదు దాటాక తల్లులైనవారి కథల్లో చాలావాటి వెనుక ఎవరో ఒక యువతి ఇచ్చిన అండం ఉంటుంది. శుభవార్త చెప్పేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పరు.

ఎప్పుడు పరీక్షలకు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. గర్భనిరోధకాలేవీ వాడకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా నెల తప్పకపోతే అప్పుడు వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేవారు, గతంలో క్షయ సోకినవారు, అండాశయానికి ఆపరేషన్ అయినవారు, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచిన మగవారు ఆ గడువు కోసం కూడా ఆగనక్కరలేదు. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందని మనవాళ్లు అనుకుంటారు. అది దగ్గు, జ్వరం లేకుండానే గర్భనాళాలను మూసేసిన కేసులు మన దగ్గర చూస్తూనే ఉన్నాం.

మీ అక్కగారికి జరిగిన పద్ధతి తలకిందులు పద్ధతి. జంట వచ్చిన మొదటి రోజే చేయవలసినది వీర్యపరీక్ష. అందులో సూది లేదు, మత్తు లేదు, ఖర్చు వందల రూపాయల్లోనే ఉంటుంది. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత నమూనా ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల వీర్యకణాలు కనిష్ఠ హద్దు. అయితే ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రాకూడదు. వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, రెండు నెలల కిందటి డెంగీ జ్వరం కూడా నేటి రిపోర్టులో కనిపిస్తుంది. మీ బావగారికి మళ్లీ ఒకసారి పరీక్ష చేయించండి. సిగరెట్టు, గుట్కా, జర్దా వంటివి ఉంటే ముందు అవి మానిపించండి.

ఇక ప్రతి జంటకూ ఐవీఎఫ్ అవసరం ఉండదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్న అమ్మాయిల్లో చాలామందికి బరువు కాస్త తగ్గి, అండం విడుదలకు మాత్రలు వాడితే సరిపోతుంది. కదలిక కొద్దిగా తక్కువైతే, శుద్ధి చేసిన వీర్యాన్ని గర్భాశయంలోకి పంపే ఐయూఐ ప్రయత్నిస్తారు. నాళాలు రెండూ మూసుకుపోయినా, కణాలు మరీ తక్కువైనా అప్పుడు ఐవీఎఫ్, అందులోనే వీర్యకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఇక్సీల మాట వస్తుంది. పది పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, స్కానింగులు, మత్తులో అండాలు తీయడం, ల్యాబులో పిండం పెరగడం, దాన్ని లోపల ఉంచాక రెండు వారాల ఎదురుచూపు. ఆ చివరి రెండు వారాలే అన్నిటికన్నా కష్టమని వచ్చినవారంతా చెబుతారు.

అండాలను దాచుకోవడం గురించి కూడా చెబుతాను. క్యాన్సరుకు కీమో మొదలుపెట్టబోయే యువతికి అది నిజమైన వరం. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొర వంటిది బయట పెరిగే జబ్బు) తీవ్రంగా ఉన్నవారు, తల్లికో అక్కకో నలభైలోపే నెలసరి ఆగిపోయినవారు కూడా ఆలోచించవచ్చు. మిగిలినవారికి అది ఒక అవకాశమే గానీ హామీ కాదు. దాచిన అండాల్లో కొన్ని కరిగించేటప్పుడు పోతాయి, కొన్ని ఫలదీకరణ చెందవు, కొన్ని పిండమైనా నిలవవు. పైగా ఇంజెక్షన్ల ఖర్చుకు తోడు ఏటేటా దాచినందుకు రుసుము కట్టాలి. ఏఎంహెచ్ రక్తపరీక్ష తక్కువగా వచ్చిందని భయపడి పరుగెత్తుకొచ్చే పెళ్లికాని అమ్మాయిలు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ పరీక్ష అండాల నిల్వను సూచిస్తుంది గానీ, సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు.


కాజీపేట నివాసి

ఇక్కడ మగవాళ్లు రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. నా వయసు 31. ఇరవై నాలుగో ఏట వ్యాయామశాలలో చేరాను. ఏడాది తర్వాత కండలు త్వరగా రావడానికంటూ అక్కడి శిక్షకుడు ఇంజెక్షన్లు ఇప్పించాడు. అవి టెస్టోస్టిరాన్ అని నాకు తెలుసు. మగతనాన్ని పెంచే మందు సంతానాన్ని ఎందుకు ఆపుతుందన్నది నా లెక్క. పెళ్లయిన ఏడాదిన్నరకు మొదటిసారి చేయించిన పరీక్షలో వీర్యకణాల సంఖ్య సున్నా అని వచ్చింది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆసుపత్రి బయట స్కూటరు మీద గంటసేపు కూర్చున్నాను. నా భార్యకు ఫోను చేసి నెట్‌వర్క్ లేదని అబద్ధం చెప్పాను.

డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, జిమ్‌లో ఏమైనా తీసుకున్నారా అని. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే మెదడు వృషణాలకు పంపే సంకేతం ఆగిపోతుందట, దాంతో వీర్యకణాల తయారీ కూడా ఆగిపోతుందట. ఆపేసిన తర్వాత చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో మళ్లీ మొదలవుతుందని, కొందరికి ఇంకా ఎక్కువకాలం పడుతుందని చెప్పారు. నాకు పద్నాలుగు నెలలు పట్టింది, అది కూడా చికిత్సతో. సంఖ్య ఇప్పటికీ తక్కువే. అందుకని ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపే ఇక్సీ చేయించుకున్నాం. మొదటి విడత ఫలించలేదు. రెండు పిండాలు శీతలీకరించి ఉన్నాయి, దసరా తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాం.

ఖర్చు గురించి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మందులు, అండాలు తీయడం, ల్యాబు, పిండం పెట్టడం అన్నీ కలిపి మాకు రెండు లక్షల ఇరవై వేలు దాటింది. రానుపోను ప్రయాణాలు, నా భార్య జీతం కోత అందులో కలపలేదు. మొదట చూపించిన ప్యాకేజీలో ఇంజెక్షన్లు లేవు, శీతలీకరణ లేదు. ఆ రెండే బిల్లును పెంచాయి. కంపెనీ ఆరోగ్య బీమా పనికొస్తుందనుకుని పాలసీ పత్రం తెరిస్తే, సంతానలేమి చికిత్స మినహాయింపుల జాబితాలో ఉంది. మా ఇద్దరి జీతాలు కలిపినా ఇది భారమే. పొలం మీద బతికేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించింది. అటువంటిది ఇక్కడ వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రులైన ఎంజీఎంలోనో సీకేఎంలోనో ఉంటే, నెలకు నాలుగుసార్లు రైలెక్కే పని తప్పుతుంది.

ప్రశ్న అడిగిన సోదరికి ఒక మాట. మీ బావగారి మీద కోపం ఉంచుకోవద్దని నేను అనను. కానీ ఆ రిపోర్టు తర్వాత ఆయన ఎవరితో మాట్లాడుతున్నారో ఒకసారి చూడండి. నాకైతే మాట్లాడడానికి ఒక్క మనిషి దొరకలేదు. స్నేహితులతో చెబితే పరాచికం, అమ్మతో చెబితే ఏడుపు. మా నాన్న మాత్రం విని, ఏమీ అనకుండా, మరునాడు మెడికల్ షాపు దాకా తోడు వచ్చారు.


విశ్రాంత ఉపన్యాసకుడు, కరీంనగర్

నేను ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం ఉన్నది, సంతానలేమికి చేసే సహాయక విధానాల పేర్లూ ఉన్నవి. మేము ఆ పాఠానికి వచ్చేసరికి బొమ్మలు ఇంట్లో వేసుకురమ్మని చెప్పి తర్వాతి పాఠంలోకి దాటేవాళ్లం. నేను కూడా మొదటి పదేళ్లు అదే చేశాను, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. గణితం తీసుకున్న పిల్లలకైతే ఆ పుస్తకమే ఉండదు. మీ హాస్టల్ గదిలో తెలియక మాట్లాడుకోవడానికి సగం బాధ్యత మా తరం ఉపాధ్యాయులది.

ఇదంతా కొత్త సంగతి అన్న భ్రమ కూడా పోవాలి. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టింది 1978 జూలై 25న. అదే ఏడు అక్టోబరు 3న, అంటే డెబ్భై రోజులకే, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో దుర్గ అనే పాప కూడా ఐవీఎఫ్ ద్వారానే పుట్టింది. ఆయన చెప్పింది నమ్మలేమని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది, తన పరిశోధనను విదేశంలో చెప్పుకోవడానికి కూడా వెళ్లనివ్వలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో బొంబాయిలో పుట్టిన హర్షను దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డగా చాలాకాలం చెప్పుకున్నారు. ఆ ప్రయోగంలో డాక్టర్ ఇందిరా హిందూజాతోపాటు పనిచేసిన శాస్త్రవేత్త ఆనంద్ కుమారే తర్వాత ముఖర్జీ నోట్సు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో ప్రకటించారు. తన ఘనతను వదులుకుని ఇంకొకరికి ఇచ్చిన శాస్త్రవేత్తలు అరుదు కాబట్టి ఈ ముచ్చట ఇక్కడ రాస్తున్నాను. లూయీ బ్రౌన్ పుట్టుకకు దారి చూపిన శాస్త్రవేత్తల్లో ఒకరైన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది.

ఇక పెళ్లికి ముందు పరీక్షలన్న ప్రతిపాదనతో నేను ఏకీభవించను. సంతాన సామర్థ్యం ఒక్కరి కొలత కాదు, ఇద్దరూ కలిసినప్పుడే తెలిసే సంగతి. పరీక్షలన్నీ బాగున్నా పిల్లలు కానివారూ, బాగా లేకున్నా అయినవారూ ఉన్నారు. అంతకన్నా ముఖ్యంగా, మన సమాజంలో ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించండి. అమ్మాయి ఏఎంహెచ్ అంకె చూసి సంబంధం వదులుకోవడమో, కట్నం లెక్క మార్చడమో జరుగుతుంది. అబ్బాయి పరీక్షకు రాడు. మీరు సమానత్వం కోసం అడిగిన ప్రశ్న చివరికి ఆడపిల్ల మీదకే తిరుగుతుంది.

పెళ్లికి ముందు ఇద్దరూ చేయించుకోదగిన పరీక్ష ఒకటి ఉన్నది. అది థలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బులకు వాహకులా (ఆ జబ్బు జన్యువును మోసేవారా) కాదా అన్నది తెలిపే రక్తపరీక్ష. వాహకుడు ఆరోగ్యంగానే ఉంటాడు, తనకు తెలియదు కూడా. ఇద్దరూ ఒకే జబ్బుకు వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు ఇప్పటికీ చేసుకునే మన ప్రాంతంలో, ములుగు, ఆదిలాబాదు వైపు ఆదివాసీ గూడేల్లో, ఈ పరీక్ష విలువ జాతకం కన్నా ఎంతో ఎక్కువ.


వడ్డేపల్లి వాసి

సార్, మీరు చెప్పిన ప్రమాదం నేను ఆలోచించలేదు. కానీ కాగితం అడగకపోవడం వల్ల కూడా అక్క మీదకే తిరిగింది కదా. పరీక్షల మాట వదిలేస్తాను. పిల్లలు ఆలస్యమైతే మొదట ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దామన్న మాట మాత్రం ముందే తీసుకోవచ్చని ఇప్పుడు అనిపిస్తున్నది.


న్యాయవాది, హన్మకొండ

చట్టం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం, సరొగసీ (మరో స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) నియంత్రణ చట్టం రెండూ 2021 నాటివి, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. చికిత్స పొందే స్త్రీ వయసు 21 దాటి 50 లోపు, పురుషుని వయసు 21 దాటి 55 లోపు ఉండాలి. కాబట్టి గుంటూరు ఉదంతం వంటిది ఇప్పుడు చట్టరీత్యా కుదరదు. పెళ్లికాని యువతికి ఈ చట్టం తలుపు మూయలేదు. 21 దాటిన ఏ స్త్రీ అయినా కేంద్రానికి వెళ్లవచ్చు. ఒంటరి పురుషునికి, పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండే జంటకు మాత్రం ఆ వీలు లేదు. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, నా అభిప్రాయంలో కాదు.

మీ మూడో స్నేహితురాలి సందేహానికి చట్టంలో స్పష్టమైన జవాబుంది. దాత అండంతో గానీ దాత వీర్యంతో గానీ పుట్టిన బిడ్డ, చికిత్స కోరిన దంపతుల సొంత బిడ్డే. సొంత బిడ్డకుండే హక్కులన్నీ ఉంటాయి. దాతకు ఆ బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఆమెకు ఏడాదిపాటు బీమా చేయించాలి. అవసరంలో ఉన్న విద్యార్థినులను డబ్బు ఆశ చూపి దాతలుగా తీసుకెళ్లే దళారులు ఉన్నారు కాబట్టి, ఈ ఒక్క వాక్యం మీ హాస్టల్ గోడ మీద అతికించినా మంచిదే. సరొగసీ విషయంలో డబ్బిచ్చి గర్భాన్ని అద్దెకు తీసుకోవడం నిషిద్ధం. వైద్య ఖర్చులు, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు, 36 నెలల బీమా తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసినది గోడ మీది బిడ్డ ఫొటోలు కాదు, రిజిస్ట్రేషన్ పత్రం. మొదటి స్థాయి కేంద్రానికి ఐయూఐ వరకే అనుమతి ఉంటుంది, ఐవీఎఫ్ చేయాలంటే రెండో స్థాయి రిజిస్ట్రేషన్ కావాలి. విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, కవలలు వచ్చే ప్రమాదం సహా అన్నీ ముందే వివరించడం, రాతపూర్వక సమ్మతి తీసుకోవడం, ఫిర్యాదుల విభాగం నడపడం కేంద్రం బాధ్యతలు. మగబిడ్డ కావాలంటే చేసిపెడతామని ఎవరైనా అంటే అది అయిదు నుంచి పదేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరం. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక కేంద్రం మీద నమోదైన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. సరొగసీ ద్వారా మీ బిడ్డేనని అప్పగించిన శిశువుకు డీఎన్ఏ పరీక్ష చేయిస్తే, ఆ దంపతులతో సంబంధమే లేదని తేలిందన్నది అందులోని ఆరోపణ. అటువంటి కేసులు చూశాక, ప్రతి కాగితం నకలు అడిగి తీసుకోమని నా దగ్గరికి వచ్చే ప్రతి జంటకూ చెబుతున్నాను. కాజీపేట మిత్రునికి ఒక సూచన: శీతలీకరించిన పిండాలను పదేళ్లకు మించి ఉంచకూడదని చట్టం చెబుతుంది. మీకు అంతకాలం అవసరం రాకూడదని కోరుకుంటున్నాను, అయినా ఒప్పందంలో ఆ తేదీ రాయించుకోండి.


జగిత్యాల అమ్మాయి

అందరూ ఎలా పొందాలో చెప్పారు, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు. నాకు 34 ఏళ్లు. మూడు విడతల ఐవీఎఫ్ తర్వాత మేమిద్దరం ఆపేశాం. మూడోసారి అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నాలుగో విడతకు తగ్గింపు ఇస్తామని కేంద్రం నుంచి ఫోను వచ్చింది, చీరల దుకాణం నుంచి వచ్చినట్టే. సంతాన సాఫల్య కేంద్రమన్న పేరులోనే సాఫల్యం ఉంది కాబట్టి, కాకపోతే లోపం మనదేనని అనిపిస్తుంది. మొదటి విడతకు ముందే, ఎన్నిసార్లు, ఎంత డబ్బు, ఏ వయసు దాకా అన్నది ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. మేము రాసుకోలేదు.

దత్తత సులువైన ప్రత్యామ్నాయమన్న మాట కూడా సరికాదు. కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసుకున్నాం, ఇంటికి వచ్చి విచారించి వెళ్లారు. పెళ్లయి రెండేళ్లు నిండి ఉండాలి, రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు. నిరీక్షణ ఏళ్లమీద ఉంటుంది. ఐవీఎఫ్ అన్నీ విఫలమయ్యాక చివరగా తట్టే తలుపు అనుకుంటే ఈ వయసు లెక్క అడ్డు వస్తుంది. పైగా వేరే దారి లేక తీసుకున్నారన్న మాట ఆ బిడ్డ చెవిన పడకూడదని నేను అనుకుంటున్నాను. మా అత్తగారు మాత్రం పసిపాప ఉయ్యాల అటక మీది నుంచి ఇప్పటికే దించి కడిగారు.


వడ్డేపల్లి వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అక్కా బావలతో కలిసి నేను కూడా వెళ్లాను. వెళ్లే ముందు బావతో కాసేపు ఒంటరిగా మాట్లాడాను. జర్దా మానేసి పద్దెనిమిది రోజులైందని, ఎవరికీ చెప్పలేదని అన్నారు. రెండో పరీక్ష సెప్టెంబరు చివర్లో చేద్దామని డాక్టరమ్మ చెప్పారు, అప్పటిదాకా ఐవీఎఫ్ మాట లేదన్నారు. వచ్చేటప్పుడు, గత ఏడాది అక్కకు ఐవీఎఫ్ ప్యాకేజీ రాసిచ్చిన మొదటి కేంద్రానికి కూడా వెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడిగాము. చాలాసేపు కూర్చోబెట్టి తెచ్చి చూపించారు. దాని మీద మొదటి స్థాయి అని ఉంది. అక్క ఏమీ అనకుండా ఫోనులో దానికి ఫొటో తీసుకుంది.

వచ్చే ఆదివారం జనగామ నుంచి నన్ను చూడడానికి పెళ్లివారు వస్తున్నారు. థలసీమియా పరీక్ష మాట నేనే అడుగుతానని అమ్మకు చెప్పాను. నాన్నకు ఇంకా చెప్పలేదు.